నేను చెప్పిన తిథి

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఈ పదమూడేళ్ళలో వంట చేశాను, ఉద్యోగం చేశాను, పిల్లాడికి ఎక్కాలు నేర్పాను, పేరంటాలకి వెళ్ళి అందరితోపాటు నవ్వాను. ఏదీ ఆగలేదు. తప్పు చేసినవాళ్ళకి అన్నం సహించదనీ నిద్ర పట్టదనీ అంటారు. నాకు రెండూ బాగానే ఉన్నాయి. నా మీద నాకు అసహ్యం అందుకే.

మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇదంతా జరిగేదే కాదు. పేర్లు మార్చాను. మా ఇంటిపేరు మాత్రం అసలు చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు పాత టెలిఫోన్ డైరెక్టరీ తీసి వెతుకుతారు. వెతకడం ఎంత సులువో నాకంటే బాగా ఎవరికీ తెలీదు.

మా నాన్న లెక్కల మాస్టారు. రిటైరయ్యాక మా వంశ చరిత్ర రాస్తానని కూర్చున్నారు. అప్పటికి అమ్మ లేదు. రాజమండ్రిలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. ముందు గదిలో మామ్మ మంచం. మామ్మంటే నాన్న తల్లి, ఎనభై దాటిన మనిషి, లేచి నడవలేదు. మంచం పక్కనే నాన్న బల్ల, దాని మీద డైరెక్టరీలు. తూర్పుగోదావరిది ఒక దొంతర, పశ్చిమగోదావరిది ఒక దొంతర. మా ఇంట్లో ఫోను లేదు. దరఖాస్తు పెట్టి మూడేళ్ళయినా రాలేదు. ఫోనే లేని ఇంట్లో ఇన్ని డైరెక్టరీలేంటని పాలవాడు కూడా నవ్వేవాడు.

డైరెక్టరీలో మనవాళ్ళ పేర్లు ఇంటిపేరుతో మొదలవుతాయి కదా. నాన్న పట్టుకున్న కిటుకు అదే. ఊరూరా తిరిగి పురోహితుల్ని బతిమాలక్కర్లేకుండా, ఒక ఇంటిపేరు వాళ్ళందరూ ఊరివారీగా, చిరునామాలతో సహా, వరసలో నిలబడి దొరుకుతారు. కొత్త డైరెక్టరీ వస్తే జనం పాతది తూకానికి అమ్మేస్తారు. నాన్న ఆ కొట్టుకి వెళ్ళి ఆ పాతవి కొనుక్కొచ్చేవారు. బజ్జీల పొట్లం విప్పినా ముందు కాగితం చదివేవారు. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసేవారు. ఒక ఇంటి నంబరు మీద తండ్రి పేరు పోయి కొడుకు పేరు వస్తే ఒక తరం మారినట్టు. అమలాపురంలో ఉన్న పేరు మాయమై సామర్లకోటలో కనబడితే ఉద్యోగానికో వ్యాపారానికో ఒక శాఖ కదిలినట్టు. కొన్ని ఇళ్ళలో మనిషి పోయినా ఫోను పేరు మార్పించరు, ఆ కాగితాల కోసం ఎవరు తిరుగుతారు? అలాంటివాళ్ళు పోయాక కూడా ఏళ్ళ తరబడి డైరెక్టరీలో బతికే ఉంటారు. నాన్న వాళ్ళ లెక్క వేరే పుస్తకంలో రాసుకునేవారు.

పేర్లు దొరికాక ప్రతి ఇంటికీ జవాబు కార్డు, అంటే తిరుగు కార్డు జతచేసిన పోస్టు కార్డు, వెళ్ళేది. మా తాతయ్య పేరు, మా సొంత ఊరు, గోత్రం రాసి, మీరు ఈ వంశం వారైతే మీ తాత ముత్తాతల పేర్లు తెలుపగలరు అని. చిరునామాలు నేను రాసేదాన్ని, నా దస్తూరీ బాగుంటుందని. మా వీధి పోస్ట్‌మాన్ ఉత్తరాలు పక్కింటి అరుగు మీద పడేసి పోయేవాడు. అందుకని జవాబులు నేను గుమాస్తాగా పనిచేసే కాలేజీ ఆఫీసుకి వచ్చేలా ఏర్పాటు చేశాం. చాలామంది రాసేవారు. ఆస్తి తగాదా ఏమైనా ఉందేమోనని భయపడి మాకు మీకు ఏ సంబంధమూ లేదని రిజిస్టరు పోస్టులో పంపినవాళ్ళు కూడా ఉన్నారు. పెద్దాపురం నుంచి ఒక బట్టల వ్యాపారి, కులం వేరైనా ఇంటిపేరు ఒకటే కదండీ, మా కొట్టుకి ఒకసారి దయచేయండి అని రాశాడు. నాన్న ఆ కార్డు మామ్మకి రెండుసార్లు చదివి వినిపించారు.

కార్డులు రాయడానికి ముందు నాన్న ఎర్ర పెన్సిలుతో కొన్ని పేర్లు కొట్టేసేవారు. ఇంటిపేరు మాదే, పక్కన ఏసుపాదమనో, జాన్ అనో, మార్తమ్మ అనో ఉంటుంది. భూతద్దం అక్కడ ఒక్క క్షణం కూడా ఆగేది కాదు.

"వీళ్ళు మనకేం కారమ్మా. ఇంటిపేరు ఒకటి, అంతే" అనేవారు.

ఇప్పుడు మా బాబాయి సంగతి చెప్పాలి. నాన్నకి ఒక తమ్ముడు, పేరు విశ్వనాథం. మామ్మ చంటి అని పిలిచేది. నేను పుట్టకముందే తనతో పాటు బళ్ళో పనిచేసే క్రైస్తవుల అమ్మాయిని పెళ్ళి చేసుకుని మతం మారాడు. మా తాతయ్య ఏం చేశాడో తెలుసా? గోదావరి ఒడ్డున కుండ పెట్టించి, మంత్రాలు చదివించి, బతికున్న కొడుక్కి కర్మ చేయించాడు. ఘటశ్రాద్ధం అంటారు దాన్ని. అంతటితో ఆ మనిషి చచ్చినట్టే లెక్క. నాన్న ఆ రోజు తండ్రి పక్కనే నిలబడి, నీళ్ళలో మునిగి తడిబట్టలతో ఇంటికి వచ్చారు. తర్వాత మా ఇంట్లో బాబాయి పేరు ఎవరూ ఎత్తలేదు. ఎక్కడున్నాడో కూడా తెలీదు. మామ్మ ఒక్కతే, కళ్ళూ జ్ఞాపకమూ మసకబారాక, తాతయ్య భయం కూడా మరిచిపోయి, పిలవడం మొదలుపెట్టింది. చంటి వచ్చాడా? చంటి అన్నం తిన్నాడా?

ఆ సంక్రాంతి వెళ్ళాక పశ్చిమగోదావరి కార్డులు రాస్తున్నాను. నాన్న లెక్కపెట్టి తెచ్చిన కార్డుల్లో ఒకటి మిగిలింది. వృథాగా పోతుందని, ఎందుకో ఊరికే, నరసాపురం పేజీలో ఎర్రగీత కింద ఉన్న ఒక పేరుకి రాసి పడేశాను. ఇంటిపేరు మాది, పక్కన దానియేలు. దయతోనో అనుమానంతోనో చేసిన పని కాదు. మిగిలిన పిండితో ఇంకో అట్టు వేసినట్టు చేశాను.

పది రోజుల్లో ఆఫీసుకి జవాబు వచ్చింది. ఆ కార్డు ఇప్పుడు నా దగ్గర లేదు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అన్నయ్యకి. కార్డులో నాన్నగారి పేరు, మన ఊరి పేరు చూశాను. దానియేలు నేనే. ఇన్నాళ్ళకి నన్ను వెతికి పట్టుకున్నావు. అమ్మ ఎలా ఉంది? ఒక్కసారి వచ్చి చూడవచ్చా? ఇంట్లోకి వద్దంటే వీధిలోంచే చూసి వెళ్ళిపోతాను. ఫోను నంబరు కింద రాశాను. చంటి."

వెతికి పట్టుకున్నావు అని రాశాడు. ఎర్ర పెన్సిలుతో తనని కొట్టేసిన అన్నకి.

ఆ కార్డు సాయంత్రం తీసుకెళ్ళి నాన్న చేతికిస్తే ఏమయ్యేది? ఏడ్చేవారు. మామ్మ చెవిలో అరిచి చెప్పేవారు. మర్నాడు మొదటి బస్సు ఎక్కేవారు. ఇవన్నీ ఆ రోజే నాకు తెలుసు. తెలిసే మూడు రోజులు కార్డు నా సొరుగులో ఉంచాను. నాలుగో రోజు మధ్యాహ్నం కాలేజీ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోను చేశాను.

"దానియేలు గారున్నారాండి?"

"నేనేనమ్మా. ఎవరు?"

"రాజమండ్రి నుంచండి. మీరు కార్డు రాశారు కదండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"అన్నయ్య కూతురివామ్మా? అన్నయ్య పక్కనే ఉన్నాడా?"

"లేరండి. ఉత్తరాలు రాయొద్దని చెప్పమన్నారు."

మెల్లగా, "సరేలే అమ్మా. వాడి తప్పేం లేదు. అమ్మ ఎలా ఉంది?"

"మామ్మ పోయిందండి."

ఆ మాట నేను అనుకుని వెళ్ళింది కాదు. ప్రమాణం చేయమన్నా చేస్తాను. కానీ ఉందంటే వీధిలోంచైనా చూడ్డానికి వస్తాడు కదా, ఆ కంగారులో నోటికొచ్చేసింది. ఎప్పుడమ్మా అన్నాడు. నాలుగేళ్ళయిందండి అన్నాను. అబద్ధానికి వయసు కూడా నేనే కట్టాను.

"పోయేముందు నన్ను అడిగిందామ్మా?"

"లేదండి."

ఈ ఒక్క మాట ఎందుకన్నాను? అడిగింది అని ఉంటే నాకొచ్చే నష్టం ఏంటి? పోయినావిడ అడిగితే మాత్రం బాబాయి వచ్చి చేసేదేముంది? అయినా లేదన్నాను. చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట.

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"తిథి ఏంటమ్మా?"

"ఏంటండి?"

"అమ్మ పోయిన తిథి. నెల, పక్షం, తిథి చెప్పు. రాసుకుంటాను."

క్రైస్తవుడు తిథి అడుగుతాడని నేను ఊహించలేదు. బూత్ గోడకి తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. ఆ రోజు గడిలో ఏం అచ్చయి ఉందో అదే చదివాను.

"మాఘ బహుళ పంచమండి."

రెండుసార్లు పైకి అనుకుంటూ రాసుకున్నాడు. నా పేరు అడిగాడు. చెప్పలేదు. "సరే, చల్లగా ఉండమ్మా" అన్నాడు.

కార్డు చింపి కాలేజీ వెనక కాలవలో వేశాను. ఇంటికి వెళ్ళి మామ్మకి అన్నం కలిపి పెట్టాను. చంటి తిన్నాడా అని అడిగింది. తిన్నాడులే, నువ్వు తిను అన్నాను. రోజూ చెప్పే జవాబే.

ఎందుకు చేశాను? చాలా ఏళ్ళు నా దగ్గర ఒక సమాధానం ఉండేది. అప్పటికి నాకు ఇరవై తొమ్మిది. మూడు సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయాయి. నాలుగోది కోనసీమ వైపు, పౌరోహిత్యం చేసే కుటుంబం, అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం. మాటలు దాదాపు పూర్తయ్యాయి. సరిగ్గా అప్పుడు బైబిలు పట్టుకుని ఒక బాబాయి గుమ్మంలోకి వస్తే? అందుకే చేశాను అనుకునేదాన్ని. ఆడపిల్ల భయం, ఎవరైనా అర్థం చేసుకుంటారు అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ పెళ్ళి అయింది. కాపురం రాజమండ్రిలోనే, మామ్మ పనులు ఆ తర్వాతా నావే. రెండేళ్ళ తర్వాత మా అత్తవారి వైపు ఏదో పెళ్ళిలో మా ఆయన ఒకామెని చూపించి, "మా అత్తయ్య కూతురు. క్రిస్టియన్ అబ్బాయిని చేసుకుంది. మొదట్లో మా తాతయ్య మాట్లాడలేదు. ఇప్పుడు వాళ్ళు క్రిస్మస్‌కి కేకు పంపితే ముందు ముక్క ఆయనదే" అని నవ్వారు. నేను పులిహోర వడ్డించుకుంటున్నాను. వడ్డించుకోవడం ఆపలేదు. ఆ పూట నా సమాధానం ఎగిరిపోయింది.

అది పోయాక మిగిలింది చెబుతాను. పదిహేనేళ్ళ వయసు నుంచి మామ్మ పనులన్నీ నావే. స్నానం, బట్టలు, మందులు, రాత్రిళ్ళు లేచి కూర్చోబెట్టడం. నా చేత్తో ముద్ద తింటూ నా మొహంలోకి చూసి, ఎవరే నువ్వు, చంటి ఏడీ అనేది. ముప్పై ఏళ్ళుగా కనబడని మనిషి పేరు గుర్తుంది, కళ్ళెదురుగా ఉన్న నా పేరు గుర్తులేదు. బాబాయి వచ్చి ఆ మంచం పక్కన కూర్చుంటే ఆవిడ మొహం ఎలా వెలిగిపోయేదో నాకు తెలుసు. నాకోసం ఎప్పుడూ వెలగని మొహం. అది చూడలేకపోయాను. ఇంతే. ఇంతకంటే గొప్ప కారణం లేదు. పాపం, ఎంత చాకిరీ చేసిందో అని మీరు జాలిపడబోతున్నారేమో, ఆగండి. ఆ చాకిరీకి కూలి బాబాయి దగ్గర వసూలు చేశాను నేను.

మామ్మ ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది.

ఆవిడ పోయాక నాన్న పుస్తకం అచ్చుకిచ్చారు. ప్రూఫులు నేనే దిద్దాను. ప్రతి పేరు కింద భార్య, పిల్లలు, ఊరు. బాబాయి పేరు కింద నాన్న రెండు వరసలు ఖాళీ వదిలారు. అప్పుడు అర్థమైంది నాకు. ఆయనకి వంశం మీద అంత ప్రేమ ఏమీ లేదు. ఆ డైరెక్టరీలు, కార్డులు, భూతద్దం, అన్నీ తమ్ముడి కోసం. పైకి అడగలేక వందల మందిని వాళ్ళ తాతల పేర్లు అడిగాడు ఆ మనిషి. విశ్వనాథం అనే పేరు కోసం వెతికాడు. పేరు కూడా మారి ఉంటుందన్న ఆలోచన ఆ లెక్కల మాస్టారి బుర్రకి ఎందుకు తట్టలేదు? నాన్న మీద కోపం వస్తుంది నాకు. ఆ ఎర్ర పెన్సిలు మీద వస్తుంది. వచ్చీ ఏం లాభం? ఆయన తెలియక కొట్టేశారు, నేను తెలిసి కొట్టేశాను.

ప్రెస్‌లో ఆ ఖాళీ ఏంటమ్మా అని అడిగారు. తీసేయండి అన్నాను.

అచ్చయిన పుస్తకం చేతిలో పట్టుకుని నాన్న, "వాడుంటే డైరెక్టరీలో ఎక్కడో ఒకచోట దొరికేవాడే" అన్నారు. మూడేళ్ళకి ఆయనా పోయారు. అప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని బత్తాయి వలిచి పెట్టాను.

పశ్చిమగోదావరి కొత్త డైరెక్టరీ ఎవరింట్లో కనబడినా నరసాపురం పేజీ తీసేదాన్ని. దానియేలు ఉన్నాడు. మళ్ళీ కొత్తది వస్తే మళ్ళీ చూసేదాన్ని. ఉన్నాడు. ఉన్నంతకాలం వ్యవధి ఉందిలే అనుకునేదాన్ని. తర్వాత అందరికీ సెల్లులొచ్చి డైరెక్టరీలు కనబడటం మానేశాయి. కిందటేడు, మా ఆయన ఊళ్ళో లేని రోజు, బస్సెక్కి నరసాపురం వెళ్ళాను. చిరునామా నాకు కంఠతా వచ్చు, కార్డు మీద రాసింది నేనే కదా.

చర్చికి రెండు వీధుల అవతల చిన్న డాబా. ముప్పై ఏళ్ళ అమ్మాయి తలుపు తీసింది. బళ్ళో టీచరట, బాబాయి కూతురు. మా నాన్న ముక్కే. డైరెక్టరీలో పేరు చూసి వచ్చాను, మా పుట్టింటి ఇంటిపేరు కూడా ఇదేనండి అన్నాను.

"నాన్నగారు పోయి అయిదేళ్ళవుతోందండి. ఫోను ఆయన పేరు మీదే ఉంచేశాం. కూర్చోండి, టీ తాగుదురుగాని" అంది.

బాబాయి ఫొటో కింద బల్ల మీద బైబిలు, దాని పక్కన పంచాంగాల దొంతర. ఏడాదికొకటి. నేను వాటినే చూస్తున్నానని గమనించి ఆ అమ్మాయి చెప్పింది.

"మా నాయనమ్మ తిథికోసమండి. నేను ఎప్పుడూ చూడలేదు ఆవిడని. పోయిందని ఎవరో ఫోనులో చెప్పారంట. తిథి కనుక్కుంటే సరిగ్గా ఆ రోజే అయ్యిందంట, ఆ పూటే అన్నం మానేశారు. అప్పట్నుంచి ఏటా మాఘమాసంలో ఆ రోజు పొద్దున్నే గోదారి ఒడ్డుకెళ్ళి కూర్చునేవారు. ఇంటికొచ్చి ఎవరో ఒక ముసలావిడని పిలిచి, దగ్గరుండి అన్నం పెట్టి, అప్పుడు తను తినేవారు. చర్చి పెద్దలు ఒకసారి అడిగారండి ఇదేంటని. మా అమ్మ అండి, అన్నారంతే. తర్వాతెవరూ అడగలేదు. ఇప్పుడు నేను పెడుతున్నానండి."

మీకు అర్థమైందా? మొదటి రోజు ఆయన అన్నం మానేసినప్పుడూ, మరుసటి మాఘమాసంలో ఎవరో ముసలావిడకి అన్నం పెడుతున్నప్పుడూ, రాజమండ్రిలో మామ్మ నా చేతి అన్నం తింటూ చంటి తిన్నాడా అని అడుగుతోంది. బతికున్న కొడుక్కి మా తాతయ్య కర్మ చేయించాడు. బతికున్న తల్లికి కొడుకు చేత నేను చేయించాను. తాతయ్య కనీసం నలుగురినీ పిలిచి చేశాడు.

ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. "ఇంతకీ మీరు మాకేమవుతారండి?" అంది.

నోటి దాకా వచ్చింది. అక్కనమ్మా అంటే చాలు.

"ఏమీ కానండి. ఇంటిపేరు ఒకటి, అంతే" అన్నాను.

బస్టాండు దాకా నడిచి వచ్చేశాను. ఆ పిల్ల ఈ మాఘంలో కూడా అన్నం పెట్టే ఉంటుంది. నన్ను వెతుకుదామన్నా దొరకను, మా ఇంట్లో ఫోను మా ఆయన పేరు మీదుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? క్షమించగలిగిన ముగ్గురూ పోయారు, నాలుగో మనిషికి నా మొహం చూపించి కూడా చెప్పకుండా వచ్చాను. కానీ పదమూడేళ్ళలో మొదటిసారి, ఆ రోజు ఫోనులో అడిగినవాటికి సరైన జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. రాస్తుంటే చెయ్యి కాస్త తేలికైనట్టుంది. అంతవరకే.

మామ్మ పోయింది మాఘ బహుళ పంచమి కాదు బాబాయ్. శ్రావణ శుద్ధ నవమి, పొద్దున్న పూట, రెండు ముద్దలు తిన్నాక.

అడిగిందా అన్నావు. అడిగింది. ఆ పొద్దున్న కూడా అడిగింది.